అటక మీది బకెట్

మొన్న ప్రొద్దుటూరులో మా అక్క మనవరాలు, లా చదివే పిల్ల, పరీక్ష కోసం పాఠం పైకి చదువుకుంటుంటే, పక్కన కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటూ విన్నాను. అణుబాంబు వాడడం మామూలుగా చట్టానికి ఒప్పదని చెప్పిన ప్రపంచ న్యాయస్థానమే, దేశం ఉంటుందా పోతుందా అనేంత ఆపద వస్తే మాత్రం తప్పో ఒప్పో తేల్చి చెప్పలేమన్నదట. అంత పెద్ద జడ్జీలు తేల్చలేకపోవడమేమిటని పిల్ల విసుక్కుంది గానీ, నాకు ఆ మాట ఎప్పుడో విన్నట్టే అనిపించింది.

మన వయసు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో కక్షలు ముదిరినప్పుడు మా నాయన, పొట్టులో పొదిగిన నాటుబాంబుల బకెట్ ఒకటి మూలగది అటక మీద పెట్టాడు. అక్క పురిటికి వచ్చిందీ ఆ గదికే. బాలింత గదిలో కుంపటి ఆరకూడదన్నది మా ఇళ్లలో ఆచారం. సాంబ్రాణి వేయాలి, బిడ్డకు కాపడం పెట్టాలి. పైన బాంబులుంటే కింద నిప్పు ఎట్లా పెట్టేదని అమ్మ అడిగితే నాయన, "మనం ఎయ్యంలేమే. మన కాడ ఉండాయని తెలిస్తే వాళ్లూ ఎయ్యరు" అన్నాడు. ఎయ్యనివి దాచడమెందుకో నాకు అర్థం కాలేదు.

అమ్మ న్యాయం కోసం మా జేజినాయన దగ్గరికి పోయింది. నాయనకు నాయన, నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మనిషి, చుట్టుపక్కల పల్లెల తగవులన్నీ తీర్చేవాడు; తప్పెవరిదో చెప్పకుండా ఏనాడూ అరుగు దిగలేదు. ఆ రోజు మాత్రం, "ఇంట్లో పెట్టుకునేది తప్పేమ్మా. కానీ రేపు మన ఇల్లే లేకుండా చేయల్లని వాళ్లొస్తే, అప్పుడు ఎయ్యడం తప్పో కాదో నేను చెప్పలేను" అన్నాడు.

"మీరు చెప్పలేని ఇంట్లో నా బిడ్డ కనదు మామా" అని, అమ్మ అక్కను చెయ్యి పట్టుకుని పక్కింటి సాయిబుల అత్త ఇంటికి నడిపించుకుపోయింది. ఆ తల్లి ఒక్క మాట అడగకుండా తన గది ఖాళీ చేసి కుంపటి రాజేసింది. ఈ పిల్ల తండ్రి పుట్టింది అక్కడే. ఇప్పటికీ సందెదీపం పెట్టేటప్పుడు ఆమెను తలుచుకుని దండం పెట్టుకుంటాను.

పురుడు నాడు నాయన వచ్చి వాకిట్లోనే నిలబడి, బకెట్ తీసేశానన్నాడు. పెన్నలో ముంచాడో, ఇంకొకరి అటకకు చేర్చాడో నాకు ఈనాటికీ తెలియదు.

దేవుడి దయవల్ల ఆ కక్షలు చల్లబడ్డాయి, ఆ మూలగది చోట ఇప్పుడు బట్టల అంగడి ఉంది. పెద్ద దేశాల అటకలు మాత్రం నిండుగానే ఉన్నాయంటుంది పిల్ల. జేజినాయనా, ఆ జడ్జీలూ నిజంగా తెలియకే చెప్పలేదా, తెలిసీ చెప్పలేకపోయారా అని వత్తి చేతిలో పట్టుకుని ఆలోచిస్తుంటాను. అక్కను తీసుకుపోవడానికి అమ్మకు పక్కిల్లు ఉండింది. ఈ భూమ్మీది తల్లులంతా ఏ పక్కింటికి పోవాలో నాకు తోచడం లేదు.