విశ్వకర్మ పందిరి మీద వేలాడిన రాయి

1983. జంషెడ్‌పూర్‌లో యూనివర్సిటీ తరగతులు నడిచే తొమ్మిదంతస్తుల భవనానికి పాత క్లాడింగ్ తీసి కొత్తది వేసే పనికి నేను సైట్ సూపర్‌వైజర్‌ని. క్లాడింగ్ అంటే గోడకు చొక్కాలా తొడిగిన రాతి పలకలు. వాటిని పట్టి ఉంచే ఇనుప కొక్కేలను క్లాంపులంటాం. ఏళ్ల వానలకు అవి తుప్పు పట్టాయి.

పనిముట్లకు పూజ చేసి పని మానేసే విశ్వకర్మ పూజకు ముందు సాయంత్రం ఒక పలకకు పై క్లాంపులు కోసేసరికి కుండపోత వాన. కింద తాళ్లు కట్టి ఎవరినీ రానివ్వకుండా ఉంచాం గనక, పలకను అలాగే వదిలి దిగిపోయాం.

పొద్దున్నే కద్మాలో మా ఇంటి నుంచి వచ్చి చూద్దును గదా, జాగా ఖాళీగా, శుభ్రంగా ఉందని మనవాళ్లు తాళ్లు విప్పేసి సరిగ్గా అక్కడే పూజా పందిరి వేశారు! విగ్రహం పెట్టేశారు. కూలీల పెళ్లాంబిడ్డలు, స్టూడెంట్లు పందిరి నిండా ఉన్నారు. పైన గాలికి పలక కదులుతోంది.

"హటో, హటో! అందరూ దూరం జరగండి!" అని గొంతు చించుకున్నాను. జనం విసుక్కుంటూ జరిగారు. విగ్రహాన్ని మాత్రం నిమజ్జనం దాకా కదపకూడదన్నారు పూజారి. విగ్రహం ఉన్నంతసేపూ జనం వస్తూనే ఉంటారు. అంటే ఆ రాయి దిగాల్సిందే.

మా పెద్ద మేస్త్రీ అప్పన్నది విజయనగరం వైపు. పిలిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఏటి బాబూ, ఈయేళ పనిముట్టు ముట్టుకుంటే సెయ్యి పడిపోద్ది. రేపు పొద్దున్నే దింపేత్తాను."

"సెలవు మనకి గానీ రాయికేటి? అది రేపటిదాకా ఆగుతుందా?" అని మండిపడ్డాను.

అప్పన్న భార్య పైడమ్మ కూతుర్ని చంకనేసుకుని అంతా వింటోంది. బిడ్డను పక్కావిడకిచ్చి, విగ్రహం ముందు పనిముట్ల వరసలోంచి చైన్ పుల్లీ, అదే బరువులు దింపే గొలుసు, కుంకుమతో సహా తీసి కళ్లకద్దుకుంది.

"సామీ, నీ ముందే అడిగి తీసుకుంతన్నాం. తప్పుంటే నాది," అని మొగుడి చేతిలో పెట్టింది. "ఎక్కు! నీ కూతురు ఆడుకునేదిక్కడే."

అప్పన్న పరంజా ఎక్కి పలకకు గొలుసు బిగించి, కింది క్లాంపు ఊడదీశాడు. అది గిర్రున తిరుగుతూ దిగుతుంటే పూజారి కూడా మంత్రం ఆపేశారు. కింద నుంచి తాడుతో పక్కకు లాగితే పందిరి పక్కన నేలకు ఆనింది. హమ్మయ్య! అక్కడే చతికిలబడ్డాను.

అప్పన్న దిగివచ్చి గుప్పిట విప్పాడు. పలకను ఆపుతున్న కింది క్లాంపు అది. నేను ముట్టుకుంటే పాత అప్పడంలా విరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశాం. నాకైతే కళ్లమ్మట నీళ్లు కూడా వచ్చాయి.

"తినండి బాబూ, పొద్దుటినించి అరిసరిసి గొంతెండిపోయుంటాది," అంటూ పైడమ్మ ప్రసాదం దోసిట్లో పోసింది.

పని జరిగే చోట ఖాళీ జాగా కనిపిస్తే, అది ఎందుకు ఖాళీగా ఉందో అడగందే ఎవరినీ నిలబడనివ్వకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పటికీ ఏ పందిట్లోకి పిలిచినా ముందు తలెత్తి పైకి చూస్తాను. దేవుడికి దణ్ణం ఆ తరవాతే.