అత్త పసుపేసిన కణాలు

“రెండు రంగుల కణాలన్నావు. నాకు ఒకటే రంగు కనిపిస్తోందమ్మా” అన్నారు పరీక్షాధికారి, మైక్రోస్కోపు నుంచి తల ఎత్తకుండానే. డిగ్రీ చివరి ఏడాది జువాలజీ ప్రాక్టికల్ అది. అందులో తప్పితే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే, విశాఖలో నాకు ఇస్తామన్న ట్రైనీ విలేఖరి ఉద్యోగమూ లేదు. నేనూ కన్ను పెట్టి చూశాను. ఈ చివర నుంచి ఆ చివరదాకా పసుపుపచ్చగా ఉంది.

సులువైన పని చేస్తే పరువు తక్కువనుకునే వయసు నాది. విజయనగరం కాలేజీలో మిగతావాళ్లు చెంప లోపలి కణాలు గీకి చూపిస్తుంటే, నేను సముద్రపు స్పాంజిల ప్రయోగం చేస్తానన్నాను. రెండు జాతుల స్పాంజిలను పలుచని గుడ్డలోంచి పిండితే కణాలన్నీ విడిపోతాయి. వాటిని సముద్రపు నీళ్లలో కలిపి వదిలేస్తే, వాటి పైపొర మీదున్న అణువులను బట్టి ఏ జాతి కణాలు ఆ జాతివాటిని గుర్తుపట్టి అతుక్కుంటాయి. (పెళ్లి భోజనాల్లో మా చుట్టాలు కూర్చునే పద్ధతి ఇదే కాబట్టి పాఠం వెంటనే బుర్రకెక్కింది.) కళింగపట్నంలో చేపలమ్మే మా మేనత్తను అడిగితే, వలలో పడిన నారింజ రంగుదొకటి, తెల్లదొకటి బకెట్లో పెట్టి ముందురోజే బస్సులో తెచ్చింది. నీళ్లు పసుపుపచ్చగా ఉంటే నారింజ స్పాంజి రంగు దిగిందనుకుని, రెండూ పిండేశాను.

ఇప్పుడు ఖాళీ బకెట్ కోసం ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డ అత్త, మా మాటలు విని లోపలికి వచ్చేసింది. “పసుపేసినాను బాబూ. సేపకైనా పసుపు రాయకుండా నేనెవులికీ ఇవ్వను. ఆ నీసు వాసనకి మీలాంటోళ్లు తట్టుకోగలరేటి?”

పరీక్షాధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అసలు కణాలు అతుక్కున్నాయా?” అని నన్నడిగారు.

“ముద్దలు కట్టాయండి. ఏవి వేటితో కలిశాయో చెప్పలేను.”

“అతుక్కున్నాయి కదా, సాలదేటి? ఎవులు ఎవులికి అతుక్కున్నారో మనకెందుకే కోడలా” అంది అత్త.

తెలియనిది తెలియదన్నందుకని చెప్పి ఆయన సరిగ్గా పాస్ మార్కులు వేశారు. ఉద్యోగమూ వచ్చింది. మనిషి కనిపిస్తే పది ప్రశ్నలు వేయకుండా వదలని నేను, ఆ రోజు మా అత్తను ‘ఈ నీళ్లలో ఏం కలిపావు’ అని ఒక్క ప్రశ్న అడగలేదంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ ముద్దల్లో నారింజ కణాలు తమవాళ్లను గుర్తుపట్టాయో, అన్నీ కలగలిసిపోయాయో, అసలు పసుపు పడ్డాక ప్రాణాలతో ఉన్నాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.