అదే బండ, వేరే ఊరు

మంగళవారం పొద్దున ఆఫీసుకు వెళ్తుంటే రైల్లో మెసేజ్ వచ్చింది. "నాన్న పోయారు. నిద్రలోనే." పంపింది అంకుల్ గారమ్మాయి. దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను. వెనక్కి రైలెక్కి మళ్ళీ దాటిపోయాను. మూడోసారి ఆఫీసు ఊసు వదిలేసి ఆంగ్ మో కియోలో వాళ్ళింటికి వెళ్ళాను. అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతూ రాస్తున్నదే. వాక్యాలు అటూ ఇటూ పోతే మన్నించండి.

ఆయన నాకు చుట్టం కాదు. ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో విజిట్ పాస్ మీద ఉద్యోగం వెతుక్కుంటూ సింగపూర్ వచ్చినప్పుడు, తమ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకిచ్చిన పెద్దాయన. కాకినాడ మనిషి. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తుంటే ఆ నేలను కొలిచే సర్వేయరుగా ఉద్యోగమంతా ఇక్కడే చేశారు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన వ్యసనం ఒక్కటే, పాత అమెరికన్ కౌబాయ్ సీరియళ్ళు. ఆదివారం భోజనాలు అవగానే డిస్కు పెట్టేవారు.

ఊరికే చూడ్డం కాదు. ఒళ్ళో అట్ట, దాని మీద తిరగేసిన క్యాలెండరు కాగితం, చేతిలో పెన్సిలు. మ్యాప్ గీసేవారు. ఆ సీరియళ్ళన్నీ స్టూడియో దాపుల్లో ఉన్న నాలుగు గుట్టల మధ్యే తీశారని ఆయన వాదన. ముక్కు విరిగిన మొహంలాంటి బండ ఒకటి ఉంది. ఒక వారం అది టెక్సాస్, మరుసటి వారం అరిజోనా.

"అదిగో, వచ్చిందయ్యా బండ!" అని తొడ చరిచేవారు. "మూడ్రోజులు స్వారీ చేశాట్ట. బండ దగ్గర ఎక్కి బండ దగ్గరే దిగాడు. మధ్యలో గుర్రం నీళ్ళెక్కడ తాగిందో ఎవడికీ పట్టదు."

ఇంకోసారి, "పొద్దున్నే పడమటికి బయల్దేరాట్ట. మరి నీడ వెనక పడుతోందేం? తూర్పుకి పోతున్నాడు వెధవ!"

"నాన్నా, జస్ట్ వాచ్ లా!" అని అమ్మాయి సింగపూర్ ఇంగ్లీషులో విసుక్కునేది. ఆంటీ టీవీ వైపు చూడకుండానే చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ, "అంత తప్పుల తడకైతే చూడ్డం దేనికండీ?" అనేవారు.

"ఇష్టం కాబట్టేనే. ఇష్టం లేనివాడికి బండ కనపడదు."

విజిట్ పాస్ ఇంకా రెండు వారాలుందనగా తంజోంగ్ పగార్‌లో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నా రెజ్యూమేలో రెండేళ్ళ అనుభవం ఉంది. నాకు లేదు. హైదరాబాద్‌లో ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనుభవం కూడా రాసిచ్చారు. మా బ్యాచ్ అందరిదీ అదే. తప్పనిపించేంత తీరిక కూడా ఎవరికీ లేదు. ఇంగ్లీషు సరిచూస్తారని ఆ కాయితాలు అంకుల్‌కి ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. "బెంగుళూరులో బ్యాంకు పని, మద్రాసులో ఇన్సూరెన్సు పని. రెండు చోట్లా టీములో అదే పన్నెండుమంది, అవే మాటలు. అదే బండ కదయ్యా ఇది?" నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. "బెంగుళూరులో ఆఫీసుకి ఏ బస్సెక్కేవాడివి?"

కాయితాలు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాను. కానీ బుద్ధి మాత్రం చురుగ్గా పనిచేసింది, అదే నా ఖర్మ. మర్నాడు బెంగుళూరు ఫ్రెండుకి ఫోన్ చేసి బస్సు నంబరు కనుక్కున్నాను. మద్రాసు ప్రాజెక్టులో మనుషుల్ని తొమ్మిదికి తగ్గించాను, వాక్యాలు తిరగరాశాను. సాయంత్రం ఆయన దగ్గరకెళ్ళి ఆ బస్సు నంబరు గర్వంగా చెప్పాను. తప్పు పట్టారంటే దిద్దుకోమనే కదా అనుకున్నాను.

"ఓహో" అన్నారు. చెంబు తీసుకుని కారిడార్లో మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు.

ఉద్యోగం వచ్చింది. బస్సు సంగతి ఎవరూ అడగలేదు. ఆంటీ పాయసం చేశారు, అంకుల్ తిన్నారు, నన్ను ఆశీర్వదించారు కూడా. ఆ ఆదివారం డిస్కు పెట్టారు. బండ వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. నేను పక్కనుంటే ఇక ఏదీ అనకూడదనుకున్నారని నాకు అర్థం కావడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. పైకి తిట్టినా బాగుండేది. పద్నాలుగు నెలలు ఆ సోఫాలో ఆయన పక్కనే కూర్చుని, బండ వచ్చినప్పుడల్లా తల దించుకున్నాను.

తర్వాత ఐటీ చల్లబడింది, మా ఆఫీసు మూతపడింది. కొత్త రెజ్యూమే రాయాల్సి వచ్చింది. లేని ఆ రెండేళ్ళూ తీసేశాను. మిగిలింది ఒక్క ఉద్యోగం, పద్నాలుగు నెలలు. చూపిస్తే ఎవరూ పిలవరేమోనని భయం. అయినా ముందు ఆయనకే ఇచ్చాను.

చదివి, కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఆఫీసుకి ఎలా వెళ్ళేవాడివి?"

"రైలండీ. ఇక్కడ ఎక్కి, రాఫిల్స్ ప్లేస్‌లో మారి, తంజోంగ్ పగార్‌లో దిగేవాణ్ణి."

"ఊఁ" అన్నారు. అంతే. కానీ ఆ ఆదివారం గుర్రాలు గుట్ట దిగుతుంటే నా మోకాలి మీద ఫట్‌మని ఒక్కటి వేశారు. "అదిగో, వచ్చిందయ్యా బండ!" నాకు ఏడుపొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి నీళ్ళకని లేచాను.

జురాంగ్ వెస్ట్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చిన్న టెస్టింగ్ ఉద్యోగం దొరికింది, అటే మారిపోయాను. ఈ పనిలో నాకు ఏదైనా చూపు ఉందంటే అది ఆ సోఫాలో అబ్బిందే. కానీ ఆ బస్సు నంబరు విషయంలో తప్పయిందండీ అని నోరు విప్పి ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆదివారాలు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. ఇప్పుడు కాలు నిలవనివ్వనిది అదే.

ఆయన పోయాక మొదటి ఆదివారం, అంటే మొన్న, వెళ్ళాను. టీవీ పక్కన క్యాలెండరు కాగితం, దాని మీద పెన్సిలు అలాగే ఉన్నాయి. "ఆయన సగంలో ఆపింది ఉంది, పెట్టు నాయనా" అన్నారు ఆంటీ. పెట్టాను. కాసేపటికి ఎడమ పక్కన బండ వచ్చింది. అమ్మాయి నా వైపు చూసింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు పాతదే. అప్పుడైతే దాన్ని పోగొట్టడానికి నా చేతిలో నిజం రాసిన ఒక కాయితం ఉంది.

"అదేనా బండ?" అన్నారు ఆంటీ. ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని చూడ్డం అదే మొదలు.

"అదేనండీ."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నారు. గుర్రం మీదివాడు బండ దాటి కుడివైపుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ అదే బండ దగ్గరకు వస్తాడని మా ముగ్గురికీ తెలుసు. అలాగే చూస్తూ కూర్చున్నాం.