కాటా మీద మామ్మగారి ప్రయాణం

పోయిన ఆదివారం ప్రార్థన ముగిశాక, ఐర్లండులో మేముండే ఎన్నిస్‌లో సరుకులు కొనుక్కుని కారు దగ్గరికి వస్తుంటే, మా వీధి చివరింట్లో ఉండే తెలుగబ్బాయి ఎదురొచ్చి, కొత్తగా కొన్న గుర్రపు ట్రైలరు చూసి వెళ్ళమని పట్టుబట్టాడు. వాళ్ళ పాప రెండేళ్ళుగా స్వారీ నేర్చుకుంటోంది, ఈ మధ్యనే ఒక చిన్న పోనీ గుర్రం కూడా అమరింది. ట్రైలరు ఒకరు వాడినదే గాని చక్కగా ఉంది. వెనక రెండు గుర్రాలు నిలబడే చోటు, ముందు మనుషులుండే గది, ఆ గదిలో మంచం, గ్యాసు పొయ్యి, ఇక్కడివాళ్ళు ప్రెస్సులనే అల్మారాలు, నీళ్ళ ట్యాంకు. "ఆంటీ, మీరు ఇట్లాంటి దాంట్ల తిరిగిన్రంట గదా. దీన్ని కాటా వేయించాల్నా? నా జీపు స్క్రీన్ మీదనే అంతా చూపిస్తది" అన్నాడు. నేనేదో చెప్పేలోపే పాప "ఇట్స్ గ్రాండ్, డాడీ" అని, అంతా బాగానే ఉందని తేల్చేసింది. అయినా ఒకసారి వేయించు నాయనా అని చెప్పి వచ్చేశాను గాని, ఇంటికొచ్చి సరుకులు సర్దుతున్నంతసేపూ నా మనసు ఇరవై ఏళ్ళ కిందటి ఇంకో ట్రైలరు చుట్టూనే తిరిగింది.

మేము ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో మా ఆయన షానన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేనా, బడి ముఖం చూడనిదాన్ని. కనిగిరి అవతల మా ఊరికి బడి దూరం, అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, అందుకని నాన్నే పొలం నుంచి వచ్చాక సాయంత్రాలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, బైబిలు ముందేసుకుని అక్షరాలు, చింతగింజలు పోసుకుని లెక్కలు నేర్పాడు. ఆ చదువుతో ఐర్లండులో నాకు పనెవరిస్తారులే అనుకున్నాను గాని, దేవుడు దయగలవాడు, ఎన్నిస్‌కు కొద్ది దూరంలో ఒక పల్లెలో, నడుము కింద పట్టు తప్పిన ఒక పెద్దావిడను పగలంతా చూసుకునే పని దొరికింది. ఆవిడను పేరు పెట్టి పిలవమని వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు, మా ఇళ్ళల్లో పిలిచినట్టు మామ్మగారనే పిలిచాను. ఆ మాటకు అర్థమేమిటని ఒకసారి అడిగి తెలుసుకుని, తర్వాత ఎవరన్నా పేరుతో పిలిస్తే, నాకిప్పుడు ఇండియా పేరొకటుంది అని గొప్ప చెప్పుకునేది. ఆవిడ చేతిలో జపమాల, నా చేతిలో మా తెలుగు బైబిలు. మధ్యాహ్నాలు ఎవరి ప్రార్థన వాళ్ళం ఒకే గదిలో చేసుకునేవాళ్ళం.

ఇంట్లో మామ్మగారు, ఆవిడ కూతురు, అంతే మనుషులు. కూతురు వాటర్‌ఫోర్డ్‌లో ఆస్పత్రి ఉద్యోగం మానుకుని తల్లి కోసం వచ్చేసింది. బయట లాయంలో ఒక ఎర్రటి ఆడగుర్రం ఉండేది. అది పుట్టినరోజే తల్లి చచ్చిపోతే మామ్మగారు పదిహేను రోజులు నిద్ర మానుకుని సీసాతో పాలు పట్టి బతికించిందట. అందుకేనేమో, ఆవిడ చక్రాల కుర్చీ పెరట్లో కనిపిస్తే చాలు అది కంచె మీదుగా మెడ చాచి నిలబడేది. ఆ వేసవిలో గాల్వే దాటాక సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో గుర్రాల ప్రదర్శన ఉందనీ, దాన్నక్కడ బరిలో నడిపిస్తుండగా ఒక్కసారి చూడాలనీ మామ్మగారి కోరిక. పైయేడాదికి ఇంత దూరం ప్రయాణం చేయగలదని నేను చెప్పలేనని డాక్టరు కూతురితో మెల్లగా అన్నాడు. ఆ మాట మామ్మగారి చెవిన కూడా పడనే పడింది.

కదలలేని మనిషిని రెండు రాత్రులు ఎక్కడ ఉంచాలన్నదే చిక్కు. హోటళ్ళలో మెట్లు. అందుకని కూతురు ఆలోచించి, మనుషుల గది ఉన్న ట్రైలరు ఒకటి బంధువుల దగ్గర అడిగి తెచ్చింది. పడుకోవడానికి రెండు పక్కలా కటకటాలున్న మడత మంచం, పక్క మీద నుంచి మనిషిని ఎత్తే హాయిస్టు, చక్రాల కుర్చీ, అన్నీ కలిపి మామ్మగారి సామాను నూట పది కిలోలు. ప్రయాణంలో మామ్మగారు జీపు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ట్రైలరు కొక్కెం పక్కన చిన్న ఇనప పలక మీద రెండు వేల ఏడు వందలని చెక్కి ఉంది, గుర్రం, సామానుతో సహా ఆ ట్రైలరు మొత్తం బరువు అన్ని కిలోలకు మించకూడదు. ఆ విషయంలో కూతురు మహా కచ్చితం. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపుతారని కాదు, దిగుడులో బ్రేకు పట్టకపోతే వెనక ఉన్న గుర్రానికీ ముందున్న అమ్మకూ ఎవరు జవాబు చెబుతారనేది.

గదిలో వంటసామాను సర్దే పని నాకప్పగించింది. నేను బయల్దేరే రోజు తెల్లవారకముందే వెళ్ళి బియ్యం, పప్పు, పచ్చళ్ళు, కుక్కరు, పెనం అన్నీ సర్దాను. తర్వాత పెరట్లో కుళాయి తిప్పి ఎనభై లీటర్ల ట్యాంకు అంచుదాకా నింపాను. అంతటితో ఊరుకున్నానా, లాయం వెనక ఉన్న ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది కడిగి, నింపి, మంచం కింద ప్రెస్సులో ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మీద దుప్పటి కప్పాను. నన్ను దించడానికి వచ్చిన మా ఆయన షిఫ్టుకు వెళ్ళబోతూ చూసి నవ్వాడు. "ఏందే, వాన పడని రోజుందా ఈ దేశంలో? ఎడారికి పొయ్యేదాని మాదిరి ఈ నీళ్ళేంది?" అని. మీకేం తెలుసు, ఉండండి అన్నాను. ఆయనది ఒంగోలు, ఇంటి ముందు కుళాయి. మా ఊళ్ళో నేలలో నీళ్ళు తాగితే పళ్ళు పసుపుపచ్చన, కాళ్ళు వంకర. తాగే నీళ్ళు ట్యాంకరులో వారానికి రెండుసార్లు వచ్చేవి, వచ్చిన గంటలో ఇంట్లో చెంబులు, గిన్నెలు కూడా నింపుకోవాలి. ప్రయాణమంటే మొదట నీళ్ళు, ఆ తర్వాతే చద్దిమూట. ఇప్పటికీ ఖాళీ క్యాను కనిపిస్తే నా చెయ్యి దానంతటదే కుళాయి కిందికి పోతుంది.

గుర్రాన్ని ఎక్కించి గేటు దాటేసరికి జీపు వెనక భాగం కుంగి, ముందు దీపాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. కూతురు దిగి చుట్టూ తిరిగి చూసి, మొహం చిట్లించి, తిన్నగా రైతుల సరుకు తూచే వేబ్రిడ్జికి తోలింది. అక్కడ అద్దాల గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. బార్లీ లారీలు, పాత ఇనుము బండ్లు తూచేవాడు. మామ్మగారిని మాత్రం జీపులోనే కూర్చోబెట్టి మేము దిగాం. ఆవిడ అద్దం దించి, "నా బరువు విడిగా చూసి ఊరంతా చెప్పావో, నీ సంగతి చెబుతా" అని ఆయన్ని బెదిరించింది. "నీ నోటి బరువు తీసేసే చెబుతాలే" అని ఆయన. మొత్తం నాలుగు వేల తొమ్మిది వందల తొంభై. తర్వాత గుర్రాన్ని దించి, ట్రైలరు విప్పి పక్కన నిలబెట్టి, జీపునొక్కదాన్నే ఎక్కించారు. రెండు వేల రెండు వందలు. కూతురు పెన్ను కోసం జేబులు వెతుక్కుంటుండగానే నాకు లెక్క తేలిపోయింది. ట్రైలరు రెండు వేల ఏడు వందల తొంభై. తొంభై ఎక్కువ.

పెద్దాయన రాసిచ్చిన తూకం చీటీ పట్టుకుని కూతురు ఏది దించాలా అని ఒక్కొక్కటే లెక్కేసింది. గుర్రం లేనిదే ప్రయాణం లేదు. గడ్డీ జీనూ దానితో పాటే రావాలి. మా తిండిసామాను, బట్టలు, బూట్లు అన్నీ తీసేసినా బొటాబొటిగా సరిపోతుందేమో గాని, కుంగిన జీపును చూశాక ఆమెకు బొటాబొటి మీద నమ్మకం లేదు. మిగిలింది మామ్మగారి సామాను. అది దించితే ఆవిడను కూడా దించాలి. కూతురు జీపు కిటికీ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నువ్వు ఇంటి దగ్గరే ఉండాల్సొస్తుందేమో. మొత్తం వీడియో తీసుకొస్తాను" అంది. మామ్మగారు "గ్రాండ్. ఏం ఫర్వాలేదు" అని, మొహం అవతలి కిటికీ వైపు తిప్పుకుంది. అటు వైపు చూడటానికి ఒక గోడ తప్ప ఇంకేమీ లేదు.

ఆ దుప్పటి కింద ఏముందో ఆ ముంగిట్లో నాకొక్కదానికే తెలుసు. సిగ్గు ముంచుకొచ్చింది, ఉద్యోగం పోతుందేమోనన్న భయం కూడా వేసింది, అబద్ధమెందుకు. పనిలో చేరి ఇంకా ఆరు నెలలు కాలేదు. ప్రభువా, నోరు తెరిపించు అని ఒక్క మాట అనుకుని, ట్రైలరు తలుపు తీసి, దుప్పటి లాగేశాను.

"నీళ్ళండీ. రెండు వందల నలభై కిలోలు. నేనే నింపాను."

కూతురు ఒంగి చూసింది. మళ్ళీ చూసింది. "నీళ్ళా? గాల్వేకి నీళ్ళా?" అని నవ్వింది. అద్దాల గదిలోంచి పెద్దాయన బయటికొచ్చి, క్యాన్లు లెక్కపెట్టి, టోపీ తీసి ఆకాశం వైపు చూపించాడు. అప్పుడే చినుకులు మొదలవుతున్నాయి. నవ్వలేక నవ్వుతూ నేను మా ఊరి సంగతి, ట్యాంకరు సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. కూతురు నవ్వు ఆపేసింది. మామ్మగారు లోపల్నుంచి, "దాన్నేమీ అనకు. నువ్వు తెచ్చిన ఆరు జతల బూట్లు ఎవరన్నా అడిగారా?" అని గద్దించింది.

క్యాన్లు దించాం గాని, మొదటి క్యాను మూత తీసి వంచబోతే నా చెయ్యి ఒప్పుకోలేదు. మంచినీళ్ళు నేల మీద ఒలకబొయ్యడం తప్పనే మాట వింటూ మా ఇంట్లో పెరిగాను. అలా పట్టుకుని నిలబడ్డాను. గుర్రానికి తాగిద్దామా అన్నాను. "అది తాగినా మోసేది మీరేగా, మిసెస్" అన్నాడు పెద్దాయన. అప్పుడు మాత్రం అందరం నవ్వాం. చివరికి ఆయనే చక్రాల బండి తెచ్చి క్యాన్లన్నీ తన గది ముందు పూలతొట్ల దగ్గరికి తోసుకుపోయి, వానలోనే ఒక్కో తొట్టికీ ఎంతో మర్యాదగా పోశాడు, నా కోసమే. ట్యాంకు కూతురు ఖాళీ చేసింది. నేను అటు తిరిగి నిలబడ్డాను. మళ్ళీ తూస్తే ట్రైలరు రెండు వేల ఐదు వందల యాభై. జీపు దీపాలు దారికి దిగాయి. కూతురు మామ్మగారి సీటు బెల్టు సరిచేసి, ఇంజను తిప్పింది.

మూడు రోజులూ వానే. మా గుర్రానికి నాలుగో స్థానం వచ్చింది. ఆ జడ్జికెవరన్నా కళ్ళజోడు కొనిపెట్టండి అని మామ్మగారు బరి పక్కన అందరికీ వినబడేలా అంది. కానీ అది ఆవిడ ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడు బరి కట్టె మీదుగా మెడ చాచి ఆగిపోతే, పగ్గం పట్టుకున్న కూతురు ఎంత లాగినా కదలలేదు. ఆ అరనిమిషం మామ్మగారు దాని ముక్కు మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. ఆ రాత్రి ఆవిడను పక్క మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే, నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు నొక్కింది. ఈ పనికి నన్ను పంపినందుకు దేవునికి చెప్పుకున్న స్తోత్రాల్లో ఆ రాత్రిది ఇప్పటికీ మర్చిపోలేదు.

కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్ళకు మామ్మగారు పోయారు. మంచం, హాయిస్టు ఆస్పత్రి వ్యాను వచ్చి తీసుకెళ్ళింది. నేను వేరే ఇంట్లో పనికి కుదిరాను. మళ్ళీ వేసవిలో కూతురు ఒంటరిగా గుర్రాన్ని తీసుకుని బయల్దేరి, వేబ్రిడ్జి దగ్గర్నుంచి ఫోను చేసింది. ట్రైలరు రెండు వేల నాలుగు వందల నలభై వచ్చిందని చెప్పింది. నిరుటి తూకంలోంచి నేను మనసులో తీసివేసుకున్నాను, సరిగ్గా నూట పది. అటువైపు ఆమె కూడా తీసివేసే ఉంటుంది. వెళ్ళిరామ్మా, క్షేమంగా వెళ్ళిరా అన్నాను.

ఆ వేబ్రిడ్జి ఉన్న చోట ఇప్పుడు ఇళ్ళు లేచాయి. బండ్లు పెద్దవయ్యాయి, బరువు ఎంతో, ఎటు మొగ్గిందో డ్రైవరు కళ్ళెదుటే అంకెల్లో వచ్చేస్తుంది. మంచిదే, ప్రయాణాలు క్షేమంగా సాగుతున్నందుకు దేవునికి కృతజ్ఞురాలిని. అప్పట్లో మాత్రం వానలో అందరం దిగి నిలబడి, ఎవరేం తెచ్చారో ఒకరికొకరం చెప్పుకుని, ఏది దించవచ్చో, ఎవర్ని దించకూడదో మాట్లాడుకోవాల్సి వచ్చేది. ఆ మాట్లాడుకోవడం ఇప్పుడెక్కడా నా చెవిన పడటం లేదు.