నీలం ఇంజిన్ ధర

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గదిలో ఎవరో నడుస్తున్నారని, బాత్రూములో ఎవరో మూలుగుతున్నారని గది మార్చమన్న యాత్రికులను చాలామందినే చూశాను. ప్రతిసారీ ప్లంబరునే పంపాను. ప్రతిసారీ మూలిగింది పైపే. కిందటి ఏడాది మా ఇంట్లో జరిగినదానికి మాత్రం ఎవరిని పిలవాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

నా తమ్ముడి పేరు సుధాకర్. నాకంటే ఆరేళ్లు చిన్న. రేణిగుంటలో ఒక గోడౌన్లో సూపర్వైజరుగా ఉండేవాడు. వాడికున్న పిచ్చి ఒక్కటే, బొమ్మ రైళ్లు. చిన్నపిల్లలు ఆడుకుని విరగ్గొట్టేవి కావు. అసలు రైలుకు కొలతలు తీసి అచ్చం అలాగే చిన్నగా చేసినవి, పట్టాల మీద కరెంటుతో నడిచేవి. వాడి జీతానికి కొత్తవి ఎక్కడ వస్తాయి? ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్‌వి వెతుక్కునేవాడు.

ఆ ప్రకటనలు నాకు కూడా చూపించి నవ్వేవాడు. ఒక చక్రం ఊడిన పెట్టెకు ‘చాలా అరుదైనది’ అని రాసి నాలుగు వేలు అడుగుతారు. రైలు లేని ఖాళీ అట్టపెట్టె రైలు కంటే ఖరీదు. ఒకాయన తుప్పు పట్టిన ఇంజిన్‌కు మూడు లక్షలు పెట్టాడు. వీడికేమైనా తిక్కా అన్నాను.

“తిక్క కాదక్కా. వానికి అమ్మే మనసు లేదు. అయినా నలుగురికీ సూపించుకోవల్ల. అందుకే ఎవురూ కొనలేని రేటు పెట్టినాడు” అన్నాడు.

వాడి దగ్గరున్నవాటిలో జానెడు పొడవున్న నీలం డీజిల్ ఇంజిన్ అంటే వాడికి ప్రాణం. ఒక ఆయుధపూజ నాడు స్కూటరుకు, అమ్మ కుట్టుమిషనుకు బొట్లు పెడుతూ దానికీ పెట్టాను. ప్లాస్టిక్ మీద నిలవదేమోనని అతితెలివికి పోయి కుంకుమను కొబ్బరినూనెలో కలిపాను. అది రంగులోకి దిగిపోయింది. ఎంత తుడిచినా మరక పోలేదు. రెండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, “పోనీలే, ఇంగ దీన్ని ఎవురూ కొనరు. మనతోనే ఉండిపోతాది” అన్నాడు. తర్వాతెప్పుడో వెనక కొక్కెం విరిగితే అమ్మ చీరలకు ఫాల్ కుట్టే పసుపు దారం తీసుకుని దానికి కట్టుకున్నాడు.

వాడు డ్యూటీకి వెళ్తుంటే లారీ గుద్దింది. అప్పటికి ఇరవై ఏడేళ్లు.

మాలో పెళ్లి కానివాళ్లను కాల్చరు, పూడుస్తారు. పలమనేరు దగ్గర మా ఊళ్లో, మా చేను గట్టునే గుంత తీశారు. ఆడవాళ్లు అక్కడికి రాకూడదన్నారు. అమ్మ వినలేదు, నేనూ వినలేదు. వాడికి ఇష్టమైనది ఏదైనా ఉంటే పక్కన పెట్టమన్నారు. ఇంజిన్ పెట్టాను. వాడి నొసట బొట్టు పెట్టిన వేలికి ఇంకా కుంకుమ ఉంటే, పాత మరక పక్కనే ఇంకో చుక్క పెట్టి, తువ్వాలులో చుట్టి, వాడి కుడిచేతి కింద ఉంచాను. మట్టి పూర్తిగా పడేదాకా ఇద్దరమూ అక్కడే నిలబడ్డాము.

వాడి ఫోన్ నేనే వాడుకుంటున్నాను. బొమ్మ రైలు ఏదైనా అమ్మకానికి వస్తే తెలిసేలా వాడు పెట్టుకున్న ఏర్పాటు అందులో అలాగే ఉండిపోయింది. తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. వాడు పోయిన మూడో ఏడు, ఒక మధ్యాహ్నం కౌంటర్లో కూర్చుని ఉండగా ఫోన్ టింగుమంది.

నీలం డీజిల్ ఇంజిన్, పాతది. ఫొటో కింద లోపాలు రాసి ఉన్నాయి. ముందువైపు రెండు ఎర్ర మరకలు, తుడిస్తే పోవు. వెనక కొక్కెం లేదు, పసుపు దారం కట్టి ఉంది. కొంచెం మట్టి ఉంది. ధర తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అలాంటి ఇంజిన్ ఎంత బాగున్నా ఆరేడు వేలు దాటదు.

ముందు, వాడి పాత ఫొటో ఎవరో కాజేశారనుకున్నాను. కానీ వాడు తీసిన ఏ ఫొటోలోనైనా మరక ఒక్కటే ఉండాలి. రెండో చుక్క పెట్టాక దానికి ఎవరూ ఫొటో తీయలేదు. నేరుగా తువ్వాలులోకి, మట్టిలోకి వెళ్లింది. ఫొటోను పెద్దది చేసి చూశాను. ఒకటి వెలిసిపోయిన చుక్క. దాని పక్కన ఇంకొకటి, ఇంకా ఎర్రగా.

అమ్మేవాళ్ల పేరు లేదు, ఊరు లేదు. ఇది మీకు ఎక్కడిదని మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ‘మాదే.’ అంతే. ఇంకో నాలుగు ప్రశ్నలు వేశాను. దేనికీ పలకలేదు.

అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమెకు భయం దయ్యం గురించి కాదు.

“పాపా, గుంత తవ్వినారేమో. నా బిడ్డను కదిలించినారేమో” అని పట్టుకుంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లవారి మొదటి బస్సుకే పలమనేరు వెళ్లాము. గుంత మీద పేర్చిన రాళ్లు పేర్చినట్టే ఉన్నాయి. సందుల్లో తంగేడు మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. ఒక్కటీ విరగలేదు. పక్క చేనాయన ఆవులను కట్టేసి వచ్చి, “ఎవురూ రాలేదు మా. దినామూ ఈడనే ఉండా, నాకు తెలీకుండా ఎవురు తవ్వుతారు?” అన్నాడు. తవ్వి చూద్దామా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అమ్మ ముఖం చూసి మింగేశాను.

తిరుగు బస్సులో మళ్లీ ఫోన్ తెరిచాను. ధర ఆరు లక్షలకు దిగింది.

మర్నాడు రెండు లక్షలు. ఆ మర్నాడు డెబ్బై వేలు. ఇలా తగ్గించేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. వందో రెండొందలో తగ్గించి, బేరాలు లేవని గీరగా రాసేవాళ్లే అందరూ. అమ్మ రోజూ పొద్దున్నే మిషను ఆపి, ఇయాల ఎంత అని అడిగేది. పన్నెండు వేలన్నాను. మూడు వేలన్నాను. ఎనిమిదో రోజు ఫోన్ అమ్మకే చూపించాను. నూట పదహారు.

అది సరుకుకు పెట్టే ధర కాదు. పెళ్లిలోనో గృహప్రవేశంలోనో మనవాళ్ల చేతిలో పెట్టే డబ్బు అది.

కొంటానన్నాను. ఇంటి చిరునామా కూడా నింపేశాను. ఇంకొక్కసారి నొక్కితే చాలు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“వద్దు పాపా. మొదట్లో నా బిడ్డకు ఇయ్యబుద్ధి కాలేదు. దినామూ రోంత రోంత తగ్గిస్తా వచ్చినాడు సూడు. ఇడిసిపెడతా ఉండాడు. నువ్వు మళ్లా పట్టుకోవద్దు. మట్టికిచ్చింది ఇంటికి తెచ్చుకోగూడదు.”

మూడేళ్లుగా ఆమె అంత నిదానంగా మాట్లాడటం నేను వినలేదు. ఆమె ఏడవలేదు కూడా. ఫోన్ పక్కన పెట్టేసి డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నం చూస్తే ‘అమ్ముడైపోయింది’ అని ఉంది. సాయంత్రానికి ఆ ప్రకటనే లేదు. నా మెసేజ్, దానికి వచ్చిన జవాబు కూడా లేవు. కౌంటర్లో యాత్రికులు నిలబడి ఉండగానే ఏడ్చేశాను.

ఆ రోజు నుంచి అమ్మ మారింది. వేళకు తింటోంది, నిద్రపోతోంది. తమ్ముడి బట్టలు తనే మూటగట్టి ఇచ్చేసింది. అది చూసి సంతోషించాలి. సంతోషంగానే ఉంది కూడా.

ఆ ప్రకటన ఎవరు పెట్టారో, ఆ రెండో చుక్క అందులోకి ఎలా వచ్చిందో నా దగ్గర జవాబు లేదు. మట్టి కింద ఇంజిన్ ఉందో లేదో తెలియాలంటే తవ్వాలి. ఆ పని నేను చెయ్యను, ఎవరినీ చెయ్యనివ్వను. నన్ను తినేస్తున్నది అది కాదు. అమ్మ అన్నది నిజమైతే వాడు అన్నీ వదులుకుని హాయిగా వెళ్లిపోయాడు. నిజం కాకపోతే, నాకు ఇవ్వాలనే రోజుకు కొంత తగ్గించుకుంటూ అంత కిందికి దిగి వచ్చాడు. నేను తీసుకోలేదు.