పచ్చ మునియా, తడి వేలు

మా మేడమీద కొన్నాళ్లు కిరాయికి ఉండి వెళ్లిన జువాలజీ మేడం దేన్నీ కళ్లతో నమ్మేది కాదు. వేలు తడి చేసుకుని రుద్ది చూసేది. మామిడిపండైనా, కొత్త చీర అంచైనా అంతే.

ఒకరోజు నేను పంజరంలో పచ్చ మునియా పిట్టను తెచ్చి దిల్‌సుఖ్‌నగర్ అంతా చాటాను. శ్రీశైలం అడవిలో మూడు రోజులు తిండి మాని, కాపు కాసి పట్టానన్నాను. అబద్ధం. ఎల్బీనగర్ చౌరస్తాలో కొన్నాను, అదీ బిర్యానీ తిని వస్తూ.

మేడం మెట్లు దిగి వచ్చింది.

"అంకుల్, పచ్చ మునియాలు గిప్పుడు శానా తక్కువున్నయ్. పట్టి పట్టి అమ్ముకున్నరు. చుక్కల మునియాలైతే మన మీర్‌పేట్ గడ్డిల గుంపులు గుంపులు."

"అందుకే గదమ్మా, దీన్ని నేను కాపాడుతున్న!"

ఆమె పిట్టను చేతిలోకి తీసుకుని తడి వేలితో రుద్దింది. వేలు పచ్చబడింది. రుద్దినచోట పిట్ట గోధుమరంగుకు తిరిగింది, పొట్ట మీద చుక్కలు బయటపడ్డాయి. వాకిట్లో చేరిన కాలనీ జనం పడీపడీ నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

"మస్తుగున్న పిట్టనే గదా, ఒక్కటి నా దగ్గరుంటే ఏమైతది?" అన్నాను.

"పచ్చయి గూడ ఒకప్పుడు మస్తుగనే ఉండె, అంకుల్. గిట్లనే ఒక్కొక్కటి పొయ్యినయ్."

పిట్ట సగం పచ్చగా, సగం గోధుమగా ఎగిరిపోయింది.

దాన్ని నేనే వదిలేశానని ఇప్పటికీ అందరికీ చెబుతాను. నిజానికి పిడికిలి విప్పింది ఆమె. నేనేమో అప్పుడు పంజరం తలుపు తెరిచి పట్టుకుని, మళ్లీ లోపల పెడుతుందేమోనని ఎదురుచూస్తున్నాను.