దస్తగిరబ్బ పట్టిన వాననీళ్లు

వాన పడుతుంటే దస్తగిరి ఇంట్లో కూర్చోలేడు. కదిరి దగ్గర పల్లెలో అరవై ఎనిమిదేళ్లు బతికి, అందులో సగం ఏళ్లు మబ్బు కేసి చూడడంతోనే గడిపిన మనిషికి, ఆస్ట్రేలియా ఉత్తరాన చెరుకుతోటల మధ్య ఉన్న ఆ ఊళ్లో పడే వాన వాన కాదు, పిచ్చి. ఒకసారి మొదలెడితే మూడు రోజులు ఆగదు. రేకుల కప్పు మీద పడి, చూరులోంచి కారి, కాలవలో పడి, ఎవరికీ అక్కర్లేనట్టు వెళ్లిపోతుంది. మొదటి వాననాడే ఆయన లుంగీ ఎగ్గట్టి మెట్లు దిగి, చూరు కింద చేతులు చాపి నిలబడ్డాడు.

"ఏమి అన్యాయమే ఇది! ఇన్ని నీళ్లు ఎవురూ పట్టుకోరా?" అన్నాడు మనవరాలితో.

"ట్యాప్‌లో వస్తాయి కదబ్బా, ఎందుకు పట్టేది?" అంది రుమానా. కదిరి వైపు తాతను అబ్బ అంటారు.

"ట్యాపు ఈ పొద్దు వస్తాది, రేపు రాదు. నీళ్లను నమ్మేది కుండలో ఉన్నెప్పుడే."

రుమానాకు తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న మహబూబ్ పాషా అక్కడి చక్కెర మిల్లులో కంప్యూటర్ పనికి వచ్చాడు. రెండువేల సంవత్సరం వస్తే మిషన్లు తేదీ మరిచిపోయి మొండికేస్తాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులవి. కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లను ఏ మూలకైనా పిలుచుకుపోయేవాళ్లు. దస్తగిరికి ఈ సంగతి చెబితే, "తేదీ తెలీకపోతే గోడకు ఒక క్యాలెండరు తగిలియ్యొచ్చు గదరా, దానికి ఇంత దూరం రావల్నా?" అన్నాడు.

అసలు ముసలాయన రావాల్సింది కాదు. రావాల్సింది రుమానా వాళ్లమ్మ అన్వరీ. వీసా వచ్చాక కడుపుతో ఉందని తేలింది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు కాబట్టి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. నెలలు నిండి, బిడ్డ పుట్టి, విమానం ఎక్కేసరికి ఏప్రిల్ అవుతుంది. అందాకా పిల్లకు వండిపెట్టి, తల దువ్వి, స్కూలుకు పంపడానికి దూదేకుల దస్తగిరి దిగాడు. జీవితమంతా దూది ఏకి పరుపులు కుట్టిన చేతులకు జడ వేయడం చేతకాలేదు. దూదిని పీకినట్టే జుట్టునూ పీకేవాడు. రుమానా కళ్లనీళ్లు పెట్టుకుని కూడా ఆ చేతులతోనే వేయమనేది, ఎందుకంటే వాటి నుంచి ఇంటి వాసన వచ్చేది. అమ్మ లేని ఇంట్లో ఇల్లు అనిపించేది ఆయనొక్కడే.

నెల తిరిగేసరికి, కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన ఆ ఇంటి కింద ముప్పై ఏడు పాత్రలు చేరాయి. పెయింటు బకెట్లు, ఐస్‌క్రీం డబ్బాలు, ఎవరో పారేసిన బట్టల తొట్టి, మిల్లులో అడిగి తెచ్చుకున్న నీలం డ్రమ్ము. అన్నింటిలో వాననీళ్లే. ఆయన వాటితోనే స్నానం చేసేవాడు, వాటితోనే గిన్నెలు కడిగేవాడు, గుడ్డతో వడకట్టి వాటినే తాగేవాడు. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుంటే రుమానా మొహం చిట్లించింది.

"ఛీ, బగ్స్ అబ్బా!"

"ఛీ అనాకమ్మా. మనూరి బోరు నీళ్లలో పురుగే బతకదు, అంత ఉప్పు. పురుగు బతికిందంటే తియ్యటి నీళ్లని గుర్తు. వడకట్టుకుంటే సరిపాయె." ఆ మాట ఆయన ఊరికి నిజమే. నీళ్ల వల్ల చెడు జరిగితే అది తాగడం వల్లే జరగాలని ఆయన లెక్క. ఆ పురుగుకు రెక్కలొస్తాయని ఆయనకు ఎవరు చెప్పారు గనక?

పాషా ఒక సాయంత్రం బంతి వెతుకుతూ ఇంటి కిందికి వెళ్లి, ఆ డబ్బాల వరస చూసి తల పట్టుకున్నాడు. "ఏంది నాయనా ఇది, సంతలో దుకాణం మాదిరి! ఇంకొకటి పెట్టినావంటే టికెట్టు కొని కదిరికి పంపిచ్చేస్తా" అన్నాడు నవ్వుతూ. దస్తగిరి కూడా నవ్వాడు. రుమానా నవ్వలేదు. పెద్దవాళ్లు ఎగతాళికి అన్న మాట పిల్లల గుండెలో మేకై దిగుతుంది. అమ్మ ఎలాగూ లేదు, ఇక అబ్బ కూడా వెళ్లిపోతే? ఆ రోజు నుంచి ఆ పిల్లకు అదొక్కటే దిగులు.

ఫిబ్రవరిలో ఊరంతా డెంగీ జ్వరం లేచింది. స్కూల్లో సగం బెంచీలు ఖాళీ. కౌన్సిల్ వాళ్లు ప్రతి ఇంటి పోస్టు డబ్బాలో ఒక పసుపు కాగితం వేశారు. స్కూలు నుంచి వస్తూ రుమానా దాన్ని తీసి మెట్ల మీద కూర్చుని చదివింది. దోమలు నిలవనీళ్లలో పుడతాయి, మీ ఇంటి చుట్టూ ఉన్న ప్రతి బకెట్టూ, ప్రతి డబ్బా పారబోయండి, పిల్లలూ ముసలివాళ్లూ జాగ్రత్త. కింద డబ్బా బొమ్మ కూడా వేసి, దాని మీద ఎర్ర గీత కొట్టారు. ఇంటి కింద దస్తగిరి ఏదో పాత జానపదం కూనిరాగం తీస్తూ డ్రమ్ము మీద పడ్డ ఆకులు ఏరుతున్నాడు. ఆస్ట్రేలియా వచ్చాక ఆయన కూనిరాగం తీసేది అక్కడొక్కచోటే.

నాన్న చూస్తే ఏమవుతుందో రుమానాకు తెలుసు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన పరుపు కింద దోపేసింది.

ఆ వారంలోనే పాషా మిషన్లకు తేదీ పరీక్ష చేయించడానికి బ్రిస్బేన్ వెళ్లాడు. మూడు రోజులన్నాడు. రెండోరోజు తుఫాను పట్టింది. రోడ్లు మునిగాయి, విమానాలు ఆగిపోయాయి, ఫోను తీగలు తెగాయి. అదే రోజు వానకు స్కూలు తొందరగా వదిలితే ఇంటికి వచ్చిన రుమానా, బ్యాగు కూడా విప్పకుండా నేల మీద పడుకుండిపోయింది.

జ్వరమంటే అట్లాంటి ఇట్లాంటి జ్వరం కాదు. కళ్ల వెనక ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టు, ఎముకలు లోపలి నుంచి విరుస్తున్నట్టు. పక్కింటి షర్లీ ఆంటీ, నీళ్లలో కారును పడవలా నడిపి, ఇద్దర్నీ క్లినిక్‌కు తీసుకెళ్లింది. డాక్టరు రక్తం తీసి, డెంగీయే అని, దీనికి మందు లేదు, నీళ్లు బాగా తాగించండి, చిగుళ్ల నుంచి రక్తం వస్తే వెంటనే తీసుకురండి అని చెప్పి పంపేశాడు.

మందు లేని జ్వరం దస్తగిరికి కొత్త కాదు. తడిగుడ్డ నుదుటి మీద నుంచి తీయలేదు. గంజి కాచి చెంచాతో పోశాడు. బిస్మిల్లా అని మొదలుపెట్టి, మధ్యలో కదిరి నరసింహస్వామినీ పిలిచి, ఎవరు ముందు పలికితే వాళ్లకే మొక్కు చెల్లిస్తానన్నాడు.

"అమ్మ కావాల" అని మూలిగింది రుమానా.

"వస్తాది తల్లీ. అంతవరకూ నేనుండాలే."

"నువ్వు పోవు కదా అబ్బా?"

"యాడికి పోతాను? నిన్ను ఇడిసిపెట్టి యాడికీ పోను." తడిగుడ్డ పిండుతూ అన్నాడు. ఆ పిల్లకు ఒంటినొప్పుల్లో కూడా ఆ మాట చల్లగా తగిలింది.

అయిదోరోజు జ్వరం దిగి, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు తేలాయి. ఆ పొద్దునే కౌన్సిల్ నుంచి ఒకావిడ వచ్చింది. ఖాకీ చొక్కా, చేతిలో టార్చిలైటు. క్లినిక్ వాళ్లు పేరు చెప్పారట. ఇంటి కిందికి వంగి చూసి, అలాగే ఆగిపోయింది. తర్వాత ఒక గాజు గొట్టంలో డ్రమ్ము నీళ్లు ముంచి పైకి తెచ్చి, దుప్పటి కప్పుకుని సోఫాలో పడుకున్న రుమానా పక్కన కూర్చుంది. కోపం లేదు ఆవిడ మాటలో. ఈ దోమ ఈ డబ్బాల్లోనే పుట్టిందని, నిన్ను కుట్టింది కూడా ఇదే అయి ఉంటుందని, అన్నీ పారబోయాలని మీ తాతకు నువ్వే చెప్పాలమ్మా, ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, అంది.

దస్తగిరి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమంటాంది బిడ్డా?"

రుమానా దుప్పటి మెడదాకా లాక్కుంది. "దోమలు షర్లీ ఆంటీ పూలకుండీల్లో పుట్టినాయంట అబ్బా. మన నీళ్లు గుడ్ వాటరేనంట. ఊరికే పారబోయమంటాంది. రూల్ అంట."

"మంచి నీళ్లను పారబోయమనే రూలు ఏ దేశంలో ఉంటాది?" అన్నాడు ఆయన. కౌన్సిల్ ఆవిడకు తెలుగు రాకపోయినా మొహాలు చదవడం వచ్చు. గాజు గొట్టం ఆయన కళ్లముందు పెట్టింది. కింద మెలికలు తిరిగే పురుగు. దాని మీద, అప్పుడే పొట్టు విడిచి నీటి మీద నిలబడ్డ దోమ, కాళ్ల మీద తెల్లటి చారలు. ఆవిడ వేలు పురుగును చూపింది. దోమను చూపింది. ఆ తర్వాత రుమానా చేతి మీది దద్దుర్లను చూపింది.

దస్తగిరి ఆ గొట్టాన్ని చాలాసేపు చూశాడు. మెట్లు దిగి వెళ్లి పాత్రలన్నీ ఒక్కొక్కటిగా తానే బోర్లించాడు. డ్రమ్ము మాత్రం కదల్లేదు. ఆవిడ ఒక పక్క పట్టుకుంటే ఇద్దరూ కలిసి ఒరిగించారు. పైన కిటికీలోంచి చూస్తున్న రుమానాకు, నీళ్లు పోయే చప్పుడు కన్నా ఆయన కూనిరాగం లేకపోవడమే ఎక్కువ వినిపించింది.

మూడో రోజుకు ఆయనా మంచాన పడ్డాడు. ముసలి ఒళ్లు, జ్వరం మొండిగా పట్టింది. గంజి తాగుతూ ఉమ్మితే ఎర్రగా పడింది. రుమానా చెప్పులు కూడా లేకుండా షర్లీ ఆంటీ ఇంటికి పరిగెత్తింది. ఆసుపత్రిలో రెండు చేతులకూ సూదులు గుచ్చి పడుకోబెట్టారు. దారులు తెరుచుకున్నాక మొదటి విమానానికే పాషా వచ్చాడు. నాలుగు రోజులు దస్తగిరి కళ్లు తెరవలేదు. తండ్రీకూతుళ్లు ఆ మంచం పక్కనే కూర్చున్నారు. తన అబద్ధం దేవుడికి వినపడి, దానికి జవాబుగా అబ్బను తీసుకుపోతున్నాడని రుమానాకు గట్టి నమ్మకం.

కానీ దస్తగిరి కరువులు తిన్న మనిషి. అంత తేలికగా పోడు. అయిదోనాడు కళ్లు తెరిచి, "ఏమిరా, మీ మిషన్లకు తేదీ గుర్తొచ్చినాదా?" అన్నాడు. పాషా నవ్వబోయి ఏడ్చేశాడు.

సూదులు తీసేసిన రోజున, పాషా కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్లినప్పుడు, దస్తగిరి మెల్లగా చెప్పాడు. "మీ నాయనకు చెప్పినా. టికెట్టు తీయమన్నా. మీయమ్మ వచ్చిన వారానికే నేను పోతా."

ఇన్నాళ్లూ దేనికి భయపడిందో అదే నెత్తిన పడింది. ఇక దాచి ఏం లాభం? రుమానా మంచం కమ్మీ పట్టుకుని అంతా కక్కేసింది. "నీ తప్పు కాదబ్బా. పసుపు కాగితం వచ్చింది. నీళ్లు పారబోయమని ముందే రాసినారు. నేనే దాచిపెట్టినా. ఆ ఆంటీ చెప్పింది కూడా అబద్ధం చెప్పినా. నాదే తప్పు. నువ్వు పోవాకు."

"ఎందుకు దాచినావమ్మా?"

"నాయన చూస్తే నిన్ను పంపిచ్చేస్తాడని."

దస్తగిరి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఏడవడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. దూది ఏకి ఏకి బండబారిన అరచేతిని ఆ చిన్న తల మీద పెట్టాడు. "పిచ్చితల్లీ, నువ్వు చదివి వినిపించినా నేను పారబోసేవాణ్ని కాదు. కాగితం మాట నేనెప్పుడు విన్యా? అది నీ తప్పు కానే కాదు, మనసులో పెట్టుకోవాకు."

"మరి ఉండిపో. ఇంక నీళ్లు పట్టొద్దులే, అంతే కదా?"

"అదే నాతో కాదు బిడ్డా. వాన పడతాంటే ఊరికే చూస్తా కూర్చోలేను. పడితే నీకు చెడుపు. ఈడుంటే యేదో ఒక పొద్దు మల్లా డబ్బా పెడతా. నన్ను నేను ఎరుగుదును గదా. నన్ను పోనీ."

ఏప్రిల్‌లో అన్వరీ వచ్చింది, చంకలో మూడు నెలల కొడుకుతో. వారం తిరక్కుండా దస్తగిరి వెళ్లిపోయాడు. అమ్మ వేసే జడ బిగువుగా, నొప్పి లేకుండా కుదిరేది. రుమానాకు అమ్మ వచ్చిన సంతోషం తక్కువేమీ కాదు. కానీ జడ వేసుకుంటూ ఉన్నట్టుండి ఏడ్చేది, ఎందుకే అంటే చెప్పేది కాదు. ఒక మనిషి కోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఆ మనిషి వచ్చేసరికి ఇంకో మనిషి కోసం ఎదురుచూడడం మొదలైతే, ఆ మాట కన్నతల్లికి ఎలా చెప్తారు?

నెలకోసారి ఆయన కదిరి బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు వచ్చి కూర్చుంటే, పాషా ఇక్కణ్నుంచి ఫోను చేసేవాడు. అందరి క్షేమాలూ అయ్యాక ఆయన అడిగేది ఒక్కటే. "వానొచ్చాందా అమ్మా ఆడ?" వస్తుంటే రుమానా ఫోను పట్టుకుని వైరు అందినంత దూరం వెళ్లి, కిటికీలోంచి బయటికి చాపేది. రేకుల మీద పడే వాన అటు బూత్‌లో కూర్చున్న ముసలాయనకు వినిపించేది. ఇద్దరూ ఆ చప్పుడే వింటూ ఉండేవాళ్లు. పాషా కూడా తొందర పెట్టేవాడు కాదు.

"అబ్బా, మళ్లా ఎప్పుడొస్తావ్?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"మనూరి వంకలో నీళ్లు పారినాక వస్తాలే. ఈడ కండ్లారా చూసుకుంటే, ఆడ పట్టాలని ఆశ పుట్టదు."

వంక పారింది, రెండేళ్ల తర్వాత. గట్లు తెంచుకుని మరీ పారింది. ఆ కబురు చెప్పడానికి బూత్ నుంచి మాట్లాడింది రుమానా చిన్నాన్న. దస్తగిరి ఆ నీళ్లు చూడకుండానే కన్నుమూసి అప్పటికి పదహారు రోజులు. ఫోను రుమానా చేతిలో ఉంది. చిన్నాన్న చెబుతున్న మాటల వెనక, కదిరి బస్టాండు రేకుల మీద, వాన పడుతూనే ఉంది.